కే-జెట్రానిక్ ప్రెషర్ గేజ్ సెట్: పాత 911 ఎస్‌సీకి ఇంకో ఏడాది పార్టు బిగించే ముందు

పోర్షే 911 ఎస్‌సీ 1978 నుంచి 1983 దాకా వచ్చింది. ఆరేళ్లూ అదే 3.0 లీటర్ల ఎయిర్-కూల్డ్ ఇంజన్, అదే బాష్ కే-జెట్రానిక్ (పెట్రోల్ ప్రెషర్ మీద ఆధారపడి నడిచే మెకానికల్) ఇంజెక్షన్. దాంతో "ఎస్‌సీదే కదా, పడుతుంది" అన్న ధీమా వచ్చేస్తుంది. 1982 బండి మీంచి విప్పిన వార్మ్-అప్ రెగ్యులేటర్ (ఇంజన్ వేడిని బట్టి పెట్రోల్ పాలు సర్దే భాగం) 1978 బండికి ఎక్కుతుంది. బోల్టులు కూర్చుంటాయి, బండి స్టార్టవుతుంది. నెల తిరక్కుండా స్పార్క్ ప్లగ్గులు నల్లబడతాయి, లేదా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే బండి బిగబట్టినట్టు లాగుతుంది. అప్పుడు ప్లగ్గులు మారుస్తారు, కాయిల్ మారుస్తారు, చివరికి ఇగ్నిషన్ బాక్సు కూడా మారుస్తారు. అసలు తేడా మాత్రం పెట్రోల్ ప్రెషర్‌లో ఉంటుంది, దాన్నెవరూ కొలిచి ఉండరు.

దాన్ని కొలిచే పరికరమే ఇక్కడ సమీక్షిస్తున్న గేజ్ సెట్. ఆన్‌లైన్‌లో పెద్ద పేరు లేని కంపెనీలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్మే రకం. 0-10 బార్ గేజ్ ఒకటి, రబ్బరు గొట్టాలు రెండు, మధ్యలో బాల్ వాల్వ్ ఒకటి, ఎం8, ఎం10, ఎం12, ఎం14 అడాప్టర్లు, ఒక పొట్లం రాగి వాషర్లు. రీబిల్ట్ చేసిన ఒక్క రెగ్యులేటర్‌కి అయ్యే ఖర్చులో దీని ధర చిన్న వంతు. ఐదుకి మూడున్నర ఇవ్వొచ్చు. అడాప్టర్లకి, వాల్వ్‌కి నిండుగా మార్కులు. ఆ ఒకటిన్నరా పోయింది గేజ్ దగ్గర, వాషర్ల దగ్గర, డబ్బాలో వచ్చే కాగితం దగ్గర.

ముందు గేజ్ సంగతి, ఎందుకంటే మిగతా పనంతా దాని మీదే నిలబడుతుంది. డయల్ కింద చిన్న అక్షరాల్లో "సీఎల్ 2.5" అని ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు. పూర్తి స్కేలులో 2.5 శాతం దాకా తప్పు చూపవచ్చని దానర్థం. 10 బార్ గేజ్‌లో అది పావు బార్. ఎస్‌సీలో వేడెక్కిన తర్వాత కంట్రోల్ ప్రెషర్ (రెగ్యులేటర్ సర్దే ప్రెషర్) 3.4 నుంచి 3.8 బార్ మధ్య ఉండాలి, అంటే ఉన్న కిటికీయే 0.4 బార్. పావు బార్ తప్పు చూపే గేజ్ మంచి రెగ్యులేటర్‌ని చెడ్డదని చెప్పగలదు, చెడ్డదాన్ని మంచిదనీ చెప్పగలదు. అదృష్టవశాత్తూ ఈ సెట్లలో గేజ్ మర చాలావరకు పావు అంగుళం బీఎస్‌పీయే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ప్రెషర్ గేజ్‌లు అమ్మే షాపుకి వెళ్లి, 100 మి.మీ. డయల్ ఉన్న, క్లాస్ 1.0, 0-6 బార్ గ్లిసరిన్ గేజ్ అడిగి తెచ్చుకుంటే తప్పు 0.06 బార్‌కి దిగుతుంది. గ్లిసరిన్ ఉంటే పంపు కొట్టే దడకి ముల్లు వణకదు. ఒక్క జాగ్రత్త: 6 బార్ గేజ్ తగిలించి ఉండగా రిటర్న్ పైపుని నొక్కడంగానీ మూయడంగానీ చేయొద్దు. పంపు అవలీలగా 6 బార్ దాటించి ముల్లు వంచేస్తుంది. మార్చిన గేజ్‌ని కూడా ఒకసారి ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లో చూపించి కాగితం తీసుకుంటే ఇక అనుమానం ఉండదు.

వాషర్లు పారేయండి. సెట్‌తో వచ్చేవి గట్టి రాగి, పలుచన. బాంజో బోల్టుకి (మధ్యలోంచి పెట్రోల్ పారే బోలు బోల్టు) రెండు వైపులా ఒక్కో వాషర్ కావాలి, విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. మెత్తబరిచిన రాగి వాషర్లు రాణిగంజ్‌లోనే కొలత చెబితే దొరుకుతాయి. ఇంజన్ వేడిగా ఉన్నచోట 5 బార్ పెట్రోల్ చెమ్మ చాలు, బండి తగలబడటానికి. ఇక్కడ రూపాయి మిగుల్చుకోవాలని చూడకండి.

తగిలించే విధానంలో అందరూ తడబడేది దిక్కు దగ్గర. ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ (సిలిండర్లకి పెట్రోల్ పంచేది) నుంచి రెగ్యులేటర్‌కి వెళ్లే కంట్రోల్ పైపు మధ్యలో సెట్ కూర్చోవాలి. గేజ్ డిస్ట్రిబ్యూటర్ వైపు, వాల్వ్ రెగ్యులేటర్ వైపు ఉండాలి. వాల్వ్ తెరిస్తే కంట్రోల్ ప్రెషర్ కనిపిస్తుంది, మూస్తే సిస్టమ్ ప్రెషర్, అంటే పంపు నుంచి వచ్చే మొత్తం ప్రెషర్. తిరగేసి బిగిస్తే మూసినప్పుడు ముల్లు సున్నాకి పడిపోతుంది, "పంపు పోయింది" అని పంపు విప్పడం మొదలెడతారు. డబ్బాలో వచ్చే కాగితంలో ఈ బొమ్మ లేదు, ఈ సెట్ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు అదే.

పరీక్ష తెల్లవారుజామున చేయాలి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ కావాలి, మధ్యాహ్నం రెండు గంటలు నీడన పెట్టింది పనికిరాదు. రెగ్యులేటర్ కరెంటు ప్లగ్గు, ఆక్సిలరీ ఎయిర్ వాల్వ్ కరెంటు ప్లగ్గు రెండూ పీకేయాలి. లేకపోతే కరెంటు అంది లోపలి హీటర్ వేడెక్కుతుంది, చలి రీడింగు కాస్తా గోరువెచ్చని రీడింగ్ అయిపోతుంది. ఫ్యూయల్ పంపు రిలే తీసి, సాకెట్లో 30 నంబరు టెర్మినల్ నుంచి పంపుకి వెళ్లే టెర్మినల్‌కి ఫ్యూజు ఉన్న వైరుతో కలిపితే ఇంజన్ తిరగకుండానే పంపు నడుస్తుంది. పంపు నడుస్తున్నంతసేపూ సెన్సర్ ప్లేటు (లోపలికి వచ్చే గాలిని కొలిచే పళ్లెం) మీద చెయ్యి వేయకండి. 911లో ప్లేటు పైకి లేస్తే ఆరు ఇంజెక్టర్లూ ఒకేసారి చిమ్ముతాయి, పెట్రోల్ సిలిండర్లలోకి దిగి ఆయిల్‌ని కడిగేస్తుంది. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి, గ్యారేజీ షట్టరు పూర్తిగా ఎత్తి ఉండాలి.

మొదట వాల్వ్ మూసి సిస్టమ్ ప్రెషర్ చూడండి: 4.5 నుంచి 5.2 బార్. ఇది సరిగ్గా లేకపోతే మిగతా రీడింగులు చూసి లాభం లేదు. తక్కువగా ఉంటే పంపు, ఫిల్టర్, ట్యాంకులో జల్లెడ, ఆ వరసలో వెతకాలి. అవన్నీ బాగుంటే డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న హెక్స్ ప్లగ్గు విప్పి, స్ప్రింగు వెనక షిమ్ మార్చాలి. 0.1 మి.మీ. షిమ్ సుమారు 0.06 బార్ మారుస్తుంది, 0.5 మి.మీ. అయితే 0.3 బార్. ఆ ప్లగ్గు లోపలి చిన్న ఓ-రింగు ఎండిపోయి ఉంటే అదే పనిలో మార్చేయండి.

తర్వాత వాల్వ్ తెరిచి చలి కంట్రోల్ ప్రెషర్ చూడాలి. దీనికి ఒకే అంకె ఉండదు. గాలి వేడి పెరిగే కొద్దీ ఇదీ పెరుగుతుంది, రెగ్యులేటర్ నంబరుని బట్టి ఒక గీతల పట్టిక ఉంటుంది. ఏడాది మారితే తేడా కొట్టేది ఇక్కడే. రెగ్యులేటర్ ఒంటి మీద 0 438 140 తో మొదలయ్యే నంబరు చెక్కి ఉంటుంది. చివరి మూడంకెలు వేరైతే లోపలి స్ప్రింగు వేరు, వేడికి వంగే బైమెటల్ పట్టీ వేరు, వ్యాక్యూమ్ గొట్టాలకి స్పందించే తీరు వేరు. బయటికి కవల పిల్లల్లా ఉంటాయి. కంట్రోల్ ప్రెషర్ డిస్ట్రిబ్యూటర్‌లోని ప్లంజర్‌ని పైనుంచి కిందికి నొక్కి ఉంచుతుంది. అది తగ్గితే అదే గాలికి ప్లంజర్ ఎక్కువ లేస్తుంది, మిశ్రమం రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అవుతుంది. పెరిగితే లీన్ (పెట్రోల్ తక్కువ). అర బార్ తేడా వచ్చినా పొద్దున్నే సెల్ఫ్ కొడితే బండి మొరాయిస్తుంది.

రెగ్యులేటర్ ప్లగ్గు మళ్లీ పెట్టి ఐదారు నిమిషాలు ఆగితే ముల్లు మెల్లగా 3.4 పైకి ఎక్కాలి. ఎక్కకుండా ఆగిపోతే హీటర్ వైరు తెగింది, బండి ఎప్పుడూ రిచ్‌గానే నడుస్తుంది. మరీ పైకి ఎక్కి కూర్చుంటే రెగ్యులేటర్‌లోకి పెట్రోల్ వెళ్లే చోటున్న సన్నని జాలీ మూసుకుపోయి ఉంటుంది. వ్యాక్యూమ్ ఉన్న రకమైతే గొట్టం పీకి చూడండి, ప్రెషర్ తగ్గి తీరాలి. నిండు యాక్సిలరేటర్‌లో వ్యాక్యూమ్ పోయి ప్రెషర్ తగ్గడం వల్లే ఇంజన్‌కి అదనపు పెట్రోల్ అందుతుంది. ఆ గొట్టం తగిలించే చోటే లేని రెగ్యులేటర్‌ని వేరే ఏడాది బండి నుంచి తెచ్చి వేస్తే ఐడిల్ బాగుంటుంది, సిటీలో బాగుంటుంది, ఔటర్ ఎక్కి పూర్తిగా తొక్కినప్పుడు లీన్ అవుతుంది. ఎయిర్-కూల్డ్ ఇంజన్‌లో నిండు లోడు మీద లీన్ అంటే పిస్టన్ తలకే గండం.

వేరే నంబరు రెగ్యులేటర్ తప్ప గతి లేకపోతే, దాని పైన కనిపించే పిన్నుని సుత్తితో లోపలికి కొట్టి చలి ప్రెషర్‌ని తగ్గించవచ్చు. ఎక్కువ తగ్గిపోతే మాత్రం విప్పి, పిన్నుని వెనక్కి లాగాలి. కాబట్టి గేజ్ తగిలించి ఉండగానే, దెబ్బ దెబ్బకీ ముల్లు చూస్తూ కొట్టాలి. కాకిలెక్కన కొట్టడానికి లేదు. బంజారా హిల్స్‌లో పెద్ద గ్యారేజీ అయినా, బాలానగర్‌లో చిన్న షెడ్డు అయినా సరే, గేజ్ లేకుండా ఆ పిన్ను ముట్టే మెకానిక్ చేతికి బండి ఇవ్వకండి.

చివరి కొలత రెసిడ్యువల్ ప్రెషర్. పంపు ఆపి ఇరవై నిమిషాలు ఆగాక కూడా ముల్లు 1 బార్ పైన నిలవాలి. మే నెల మధ్యాహ్నం పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఈదిన బండిని పది నిమిషాలు ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే ఎందుకు పట్టుకోదో ఈ కొలతే చెబుతుంది. ప్రెషర్ పడిపోతే వేడికి పైపుల్లో పెట్రోల్ ఆవిరై బుడగలు కడుతుంది. వాల్వ్ మూసి చూస్తే నిలిచి, తెరిచి చూస్తే పడిపోతుంటే లీకు రెగ్యులేటర్ వైపుంది. రెండు సార్లూ పడిపోతే పంపు చెక్ వాల్వ్, అక్యుములేటర్ (పంపు ఆగాక ప్రెషర్ నిలిపి ఉంచేది), ఇంజెక్టర్లు, కోల్డ్ స్టార్ట్ వాల్వ్, ఇందాక చెప్పిన ఓ-రింగు, వీటిలో ఒకటి.

ఇక ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ మార్పిడి. రెగ్యులేటర్ తప్పైతే ప్రెషర్ సవరించి నెట్టుకురావచ్చు, డిస్ట్రిబ్యూటర్ తప్పైతే ఆ వీలు లేదు. అమెరికాకి 1980 నుంచి వెళ్లిన ఎస్‌సీలకి ఆక్సిజన్ సెన్సర్‌తో లాంబ్డా కంట్రోల్ (పొగలో ఆక్సిజన్ చూసి మిశ్రమాన్ని సర్దే కంప్యూటర్) వచ్చింది. ఆ డిస్ట్రిబ్యూటర్ కింది గదుల ప్రెషర్‌ని ఫ్రీక్వెన్సీ వాల్వ్ అనే ఎలక్ట్రిక్ వాల్వ్ క్షణానికి ఎన్నోసార్లు తెరిచి మూసి సర్దుతుంది. ఆ డిస్ట్రిబ్యూటర్‌ని లాంబ్డా లేని బండికి వేసి, ఫ్రీక్వెన్సీ వాల్వ్ చోటు మూసేస్తే కింది గదుల్లో ప్రెషర్ సిస్టమ్ ప్రెషర్ దాకా పెరిగిపోతుంది, ఇంజెక్టర్లకి పెట్రోల్ దాదాపు ఆగిపోతుంది. తిరగేసి, పాత డిస్ట్రిబ్యూటర్ లాంబ్డా బండికి వేస్తే ఫ్రీక్వెన్సీ వాల్వ్ తగిలించే చోటే ఉండదు, ఆ కంప్యూటర్ ఉండీ లేనట్టే. కొనే ముందు మీ బండి ఏ దేశానికి తయారైందో చూసుకోండి, తర్వాత డిస్ట్రిబ్యూటర్ మీద పోర్టులు లెక్కపెట్టండి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.

ఇంకొక మాట. డిస్ట్రిబ్యూటర్‌ని ఒంటరిగా కొనకండి, దాని కిందుండే ఎయిర్ సెన్సర్ హౌసింగ్‌తో సహా తీసుకోండి. ప్లేటు చుట్టూ ఉండే గరాటు వంపుని బట్టే ఎంత గాలికి ఎంత పెట్రోల్ అన్నది నిర్ణయమవుతుంది. 2.7 లీటర్ల బండి గరాటు మీద 3.0 డిస్ట్రిబ్యూటర్ పెడితే ఐడిల్ ఒక చోట కుదిరి, 3000 ఆర్‌పీఎం దగ్గర కుదరదు. పై స్క్రూలు మూడూ తీసి డిస్ట్రిబ్యూటర్ లేపేటప్పుడు కింద వేలు పెట్టి ఉంచండి, ప్లంజర్ జారి పడుతుంది. వేలి పొడవైనా లేని ఉక్కు కడ్డీ, అద్దంలా మెరుస్తుంది. దాన్ని దాని బ్యారెల్‌కే కలిపి అరగదీసి ఉంటారు, ఇంకో బ్యారెల్‌లో పనికిరాదు. ఎమరీ పేపర్ తగిలిందా, డిస్ట్రిబ్యూటర్ పాతసామానే. శుభ్రమైన పెట్రోల్‌లో ముంచి లోపలికి వదిలితే దాని బరువుకే మెత్తగా జారాలి. తట్టుకుంటూ దిగితే కొనకండి.

ఇన్‌టేక్ రన్నర్ల (గాలిని హెడ్లలోకి తీసుకెళ్లే గొట్టాల) గురించి క్లుప్తంగా: 1978-79 హెడ్లకి ఇన్‌టేక్ పోర్టు 39 మి.మీ., తర్వాతి చిన్న పోర్టు హెడ్లకి 34 మి.మీ. కలగలిపితే చుట్టూ రెండున్నర మి.మీ. మెట్టు వస్తుంది. వేర్నియర్‌తో కొలిచి కొనండి. ఎయిర్‌బాక్స్ (ఆ గొట్టాలకి గాలిని పంచే డబ్బా) మాత్రం ఏ ఏడాదిదైనా నల్ల ప్లాస్టికే, బ్యాక్‌ఫైర్ కొడితే పగులుతుంది. 1981 నుంచి కోల్డ్ స్టార్ట్ పెట్రోల్‌ని అన్ని సిలిండర్లకీ సమంగా పంచే ఏర్పాటు చేశారు కాబట్టి ఆ తర్వాతి బాక్సు దొరికితే అదే మేలు. ఏదైనా సరే, పాప్-ఆఫ్ వాల్వ్ (బ్యాక్‌ఫైర్ ఒత్తిడిని బయటికి వదిలే మూత) పెట్టకుండా మళ్లీ బిగించకండి.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చాక హైదరాబాద్‌లో ఈ బండ్ల లెక్క మారింది. ఒక పాలు మామూలు పెట్రోల్‌కి బరువులో గాలి 14.7 పాళ్లు కావాలి, ఈ20కి సుమారు 13.5. అంటే అదే సెట్టింగులో మిశ్రమం దాదాపు 8 శాతం లీన్. ఇంకోవైపు మన ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గాలి పలుచన. సెన్సర్ ప్లేటుకి ఆ పలుచన సగమే తెలుస్తుంది కాబట్టి సుమారు 3 శాతం రిచ్ అవుతుంది. మేలో 40 డిగ్రీల వేడి ఇంకో 3 శాతం రిచ్ చేస్తుంది. ఎండాకాలంలో ఒకదాన్నొకటి చాలావరకు సరిపెట్టుకుంటాయి. జనవరి పొద్దున 15 డిగ్రీల్లో ఆ సరిపెట్టు ఉండదు, బండి 6 శాతం దాకా లీన్‌గా ఉండి దగ్గుతుంది. అందుకని లాంబ్డా లేని బండికి చలి కంట్రోల్ ప్రెషర్‌ని పట్టిక చూపే కనీస అంకె దగ్గర పెట్టుకోవడం మంచిది. లాంబ్డా ఉన్న బండి వేడెక్కాక తనే సర్దుకుంటుంది.

ఈ20కి రెండో బాధ గొట్టాలు. మామూలు ఎస్‌ఏఈ జే30 ఆర్7 గొట్టం కార్బురేటర్ బండ్లకి చేసింది, దాని పరిమితి 50 పీఎస్‌ఐ, అంటే సుమారు 3.4 బార్. సిస్టమ్ ప్రెషర్‌కి అది చాలదు. ఆర్9 అడగండి, లేదా హైడ్రాలిక్ గొట్టాలు క్రింప్ చేసే షాపులో పాత బాంజో ఇచ్చి పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) లైనింగ్ ఉన్న స్టీల్ జడ గొట్టం చేయించండి. నెలల తరబడి నిలబెట్టే బండి అయితే ఇథనాల్ లాగిన నీరు ప్లంజర్‌కి తుప్పు పట్టిస్తుంది, కాబట్టి వారానికొకసారైనా ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపాలి.

ఇంజెక్టర్ల పరీక్షకి చాలామంది డీజిల్ పంపు షాపుకి పరిగెడతారు. అక్కడి నాజిల్ టెస్టర్ మీద గేజ్ వందల బార్‌లకి ఉద్దేశించింది, మన ఇంజెక్టర్ 3.5 బార్ దరిదాపుల్లో తెరుచుకుంటుంది. ముల్లు కదిలిందో లేదో కూడా కనపడదు, టెస్టర్‌లో డీజిల్ కూడా ఉంటుంది. ఇంజెక్టర్లని బండి మీంచే లాగి, పైపులు ఊడదీయకుండా, ఆరు 100 మి.లీ. కొలత గాజు గొట్టాల్లో వేలాడదీసి, ఇందాకటిలా పంపు నడిపి, అయస్కాంతంతో సెన్సర్ ప్లేటు కొద్దిగా ఎత్తండి. ఒకటి నిండేసరికి మిగతావి దానికి పది శాతం లోపు తేడాలో ఉండాలి. పొగమంచులా రాకుండా దారలా కారే ఇంజెక్టర్‌ని పక్కన పెట్టండి. ఎక్కువ తక్కువ వచ్చినచోట ఇంజెక్టర్లు అటూ ఇటూ మార్చి చూడండి. తేడా ఇంజెక్టర్‌తో పాటు వెళ్తే ఇంజెక్టర్‌ది, అక్కడే ఉండిపోతే డిస్ట్రిబ్యూటర్‌ది.

ఇవన్నీ కుదిరాకే మిశ్రమం స్క్రూ. 3 మి.మీ. ఎలెన్ కీ పొడవుది కావాలి. కుడికి తిప్పితే రిచ్, ఎడమకి లీన్, గడియారం ముల్లు ఒక నిమిషం జరిగినంత తిప్పడమే. కీ పెట్టి ఉంచి యాక్సిలరేటర్ ఇవ్వొద్దు, ప్లేటు లివర్ వంగుతుంది. సీఓ (పొగలో కార్బన్ మోనాక్సైడ్) చూడటానికి సొంత యంత్రం అక్కర్లేదు, పెట్రోల్ బంకు దగ్గర నిలబడే పొల్యూషన్ వ్యాన్‌లో గ్యాస్ అనలైజర్ ఉంటుంది. వీటికి వర్తించే పరిమితి 3 శాతం సీఓ, బండి స్టిక్కర్ మీద రాసిన అంకె అంతకంటే తక్కువే ఉంటుంది, మీరు దాన్నే పట్టుకోండి. ఇంజన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కాకే వెళ్లండి.

పనయ్యాక సెట్ విప్పేటప్పుడు పంపు ఆపి, కంట్రోల్ పైపు బోల్టు చుట్టూ గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేయండి, లోపల ప్రెషర్ ఇంకా ఉంటుంది. గొట్టాల్లో మిగిలిన పెట్రోల్ వంచేసి, రెండు చివరలూ తెరిచి నీడలో ఒక రోజు ఆరబెట్టి డబ్బాలో పెట్టండి. తడిగా మూసి పెడితే ఈ20కి ఆ రబ్బరు ఉబ్బి, ఏడాది తిరిగేసరికి అడాప్టర్ దగ్గర చెమర్చడం మొదలెడుతుంది. అప్పుడు గొట్టాలు రెండూ మార్చి, గేజ్‌ని, వాల్వ్‌ని ఉంచుకోండి.